డ్రమ్స్ కూడా మా గిటారిస్టే ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ చేసి పంపుతున్నాడు... ఏళ్ల తరబడి ఒకే బ్యాండ్‌లో ఉన్నవాళ్లు ఎలా నెట్టుకొస్తారు?

నాలుగోలెక్క:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, కాస్త పొడుగైతే ఓపిక పట్టండి.

నేనొక రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తాను. కాలేజీలో మొదలెట్టిన బ్యాండ్. ఇప్పుడు అందరికీ జుట్టు నెరుస్తోంది, మధ్యలో కీబోర్డ్ అతను మారాడు తప్ప మిగతా నలుగురం వాళ్లమే. బ్యాండ్‌లు ఎందుకు విడిపోతాయని మామూలుగా చదువుతామో అవేవీ మా దగ్గర లేవు. తాగి గొడవపడేవాళ్లు లేరు, డబ్బు ఎగ్గొట్టినవాళ్లు లేరు, ఎవరూ ఎవరి కాలరూ పట్టుకోలేదు. అయినా ప్రాక్టీస్ ఉందంటే చాలు, ఆ రోజు పొద్దున్నుంచే నాకు నీరసం.

ఒకప్పుడు గిటారిస్ట్ సగం రిఫ్ (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క) పట్టుకొచ్చేవాడు. సాయంత్రమంతా అందరం దాన్ని పట్టుకుని లాగి, సాగదీసి, ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకుంటే అది పాటయ్యేది. ఇప్పుడు వాడు ఇంట్లో ల్యాప్‌టాప్ మీద మొత్తం పూర్తిచేసి పంపేస్తాడు, బేస్, కీబోర్డ్, కోరస్ గొంతులు, చివరికి మధ్యమధ్య వచ్చే చిన్న ముక్కలతో (ఫిల్స్) సహా డ్రమ్స్ కూడా. బాగా లేకపోతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. బాగుంటుంది, అదే వచ్చిన చిక్కు. వాడు మౌస్‌తో వాయించినదాన్ని నేను వెళ్లి చేతులతో వాయించి రావడం, అంతే నా పని.

షోలది ఇంకో గోల. జనానికి కావలసింది మొదటి ఆల్బమ్ పాటలే. అవి రాసినప్పుడు మాకున్న కోపం ఇప్పుడు ఎవరికీ లేదు, అయినా స్టేజీ ఎక్కితే అంత కోపంగానూ వాయించాలి. కొత్త పాట మొదలెట్టగానే ఫోన్లు చూసుకుంటారు.

ఈ మధ్య వేరేవాళ్లు ఒక ఇన్‌స్ట్రుమెంటల్ (గొంతు లేకుండా వాద్యాలే ఉండే) ప్రాజెక్ట్‌లోకి రమ్మన్నారు. వెళ్లాలని ఉంది. మావాళ్లకి చెప్పాలంటే మాత్రం పెళ్లైనవాడు ఇంకో సంబంధం చూసుకుంటున్నట్టు అనిపిస్తోంది.

ముప్పై, నలభై ఏళ్లు నడిచిన బ్యాండ్‌లు ఉన్నాయి కదా, వాళ్లు ఇలాంటివి ఎలా దాటారు? లోపల్లోపల కుళ్లిపోతూనే నడిపారా?

సైడ్ బి:

అన్నీ చెప్పారు గానీ అసలుది చెప్పలేదు. మీ పాటల కింద రచయితలుగా ఎవరి పేర్లు పడతాయి?

ఎందుకడుగుతున్నానంటే, "సంగీతపరమైన విభేదాలు" అని పేపర్లో వచ్చే ప్రతి గొడవలోనూ తవ్వితే చివరికి తేలేది ఎక్కువగా ఇదే. ఇంగ్లండ్ బ్యాండ్ క్వీన్ సంగతి చూడండి. 1975లో బొహీమియన్ రాప్సొడీ సింగిల్ (వైపుకో పాట ఉండే చిన్న రికార్డు) వచ్చింది, పాట గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీది. ఆ రికార్డు రెండో వైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన కారు పాట వేశారు. రికార్డు కొన్నవాళ్లలో ఆ రెండో వైపు తిప్పి విన్నవాళ్లు ఎంతమందో గానీ, అమ్ముడైన ప్రతి కాపీ మీదా మొదటి వైపు రచయితకి ఎంతో రెండో వైపు రచయితకీ అంతే. దాని మీద ఆ నలుగురి మధ్యా ఏళ్ల తరబడి రుసరుసలు నడిచాయి. 1989లో ది మిరకిల్ ఆల్బమ్ నాటికి ఇక పాట ఎవరు రాసినా క్వీన్ అనే పేరే వేద్దామని తేల్చుకున్నారు. అంటే దాదాపు పదిహేనేళ్లు వాళ్లు ఈ ముల్లుతోనే నడిచారు.

అమెరికన్ బ్యాండ్ ఆర్‌ఈఎం వాళ్లు తెలివైనవాళ్లు, మొదట్నుంచీ నలుగురి పేర్లూ వేసుకున్నారు. 1976 నుంచి కలిసున్న ఐరిష్ బ్యాండ్ యూటూ కూడా డబ్బు సమానంగానే పంచుకుంటూ వచ్చింది. ఇందులో లాభం డబ్బు ఒక్కటే అనుకోకండి. ఆల్బమ్‌లో ఏ పాటలు ఉంచాలి, ఏవి తీసెయ్యాలి అని కూర్చున్నప్పుడు, ఎవరి పాట ఉంటే వాడికే డబ్బు వచ్చే పద్ధతిలో ప్రతివాడూ తన పాట కోసమే వాదిస్తాడు, పైకి మాత్రం "ఇది ఆల్బమ్ మూడ్‌కి సరిపోతుంది" అంటాడు. సమానమైతే పాట బాగుందా లేదా అన్నదే మిగులుతుంది.

ఇక పూర్తి డెమోలు (నమూనా రికార్డింగులు) తెచ్చి ఎదుటివాడు ఏ నోట్ వాయించాలో కూడా చెప్పే స్నేహితుడు ఉన్నది మీ ఒక్కరికే కాదు. బీటిల్స్ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ కూడా ఇలాంటి విసుగుతోనే 1969 జనవరి 10న రిహార్సల్ మధ్యలో లేచి బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు, కొన్ని రోజులకి మళ్లీ వచ్చాడనుకోండి. మరుసటి ఏడాది సొంతంగా ఏకంగా మూడు ఎల్పీల (పెద్ద రికార్డుల) ఆల్బమ్ తెచ్చాడు. అందులో కొన్ని బ్యాండ్‌లో ఉండగా పక్కన పడిపోయిన పాటలే.

స్టాంప్ పేపర్:

సైడ్ బి గారు సరైన చోటే పట్టుకున్నారు, కానీ రెండు విషయాలు కలిపేయొద్దు. పాట రాసినవాడి హక్కు వేరు, ఆ పాటని వాయించి రికార్డు చేసినవాళ్ల వాటా వేరు. డ్రమ్మర్లకి మొదటిది దక్కడం అరుదు, రెండోదాంట్లో ఎంత అన్నది మీరు మాట్లాడుకున్నదాన్ని బట్టి ఉంటుంది. ఏమీ మాట్లాడుకోకపోతే?

ఇంగ్లండ్‌లో ది స్మిత్స్ బ్యాండ్ ఉన్నదే 1982 నుంచి 87 దాకా. రికార్డులూ షోల డబ్బులో గాయకుడు, గిటారిస్ట్ చెరో 40 శాతం తీసుకుని, బేస్ వాయించే అతనికీ డ్రమ్మర్‌కీ చెరో 10 ఇచ్చారు. కాగితం మీద ఏమీ లేదు. బ్యాండ్ పోయిన చాలాకాలానికి డ్రమ్మర్ మైక్ జాయిస్ కోర్టుకెక్కాడు. 1996లో లండన్ హైకోర్టు అతనికి 25 శాతం రావాల్సిందేనంది. ఇంగ్లండ్‌లో 1890 నాటి భాగస్వామ్య చట్టం ఒకటుంది, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే భాగస్వాములందరికీ సమానమే అంటుంది. రాక్ బ్యాండ్ కూడా దాని కిందికే వచ్చింది. రచయితల హక్కు జోలికి మాత్రం ఆ కేసు పోలేదు.

ఇది చదివి ఉత్సాహపడకండి, అటువైపు కేసూ ఉంది. స్పాండావ్ బాలే అనే బ్యాండ్ గాయకుడు, డ్రమ్మర్, సాక్సోఫోన్ అతను కలిసి పాటల రచయిత గ్యారీ కెంప్ మీద కేసు వేశారు. రాయల్టీలో వాటా ఇస్తానని మాట ఇచ్చాడన్నది వాళ్ల వాదన. 1999లో ఓడిపోయారు. నోటిమాట కోర్టులో నిలబడలేదు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తాను, ఇది నాకు భలే ఇష్టమైన కేసు. ప్రోకల్ హారమ్ అనే బ్యాండ్ 1967 నాటి హిట్ పాటలో ఆర్గన్ వాయించిన మాథ్యూ ఫిషర్, ఆ ఆర్గన్ భాగం నేను కట్టిందే కదా, నేనూ రచయితనే అని 2005లో కేసు వేశాడు. 2009లో అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి 40 శాతం గెలిచాడు. కానీ ముప్పై ఎనిమిదేళ్లు నోరు మూసుకున్న పాపానికి పాత డబ్బు రాలేదు, కేసు వేసిన నాటి నుంచే. ఇవన్నీ ఇంగ్లండ్ తీర్పులు, చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అయినా ఆలస్యం ఎక్కడైనా ఆలస్యమే.

మోనో:

సమానం సమానం అని భజన మొదలెట్టారు. సమానం చేస్తే ఏమైందో కూడా చెప్పండి మరి.

క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అని ఒక అమెరికన్ బ్యాండ్ ఉండేది. పాటలు రాసింది, పాడింది, లీడ్ గిటార్ వాయించింది, రికార్డింగ్ చూసుకుంది, బేరాలు మాట్లాడింది అంతా జాన్ ఫోగర్టీయే. ఒక్క 1969లోనే మూడు ఆల్బమ్‌లు. మిగతావాళ్లకి ఊపిరాడలేదు, 1971లో సొంత అన్న టామ్ వదిలేసి వెళ్లిపోయాడు. మిగిలింది ముగ్గురు. 1972 ఆల్బమ్‌లో బేస్, డ్రమ్స్ వాయించేవాళ్లు కూడా తలా కొన్ని పాటలు రాసి పాడారు. వాళ్లడిగితే ఒప్పుకున్నాడా, లేక మీరే చేసి చూపించండని పంతానికి పోయాడా అన్నది వాళ్లలో వాళ్లకే తేలలేదు, ఎవరి కథ వాళ్లు చెబుతారు. ఆల్బమ్‌ని విమర్శకులు చీల్చి చెండాడారు, అదే ఏడాది అక్టోబర్‌లో బ్యాండ్ ఖతం. 1993లో రాక్ సంగీతకారుల్ని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నప్పుడు కూడా జాన్ ఆ ఇద్దరితో కలిసి వాయించనన్నాడు. ఇరవై ఏళ్లు దాటాక కూడా!

నాలుగోలెక్క గారూ, డెమోలు బాగుంటున్నాయని మీరే రాశారు. అంటే ఆ గిటారిస్ట్‌కి పని జరుగుతోంది, మీకు జరగట్లేదు. వాడు మీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి విసుగెత్తి డ్రమ్స్ తనే చేసుకుంటున్నాడేమో ఆలోచించారా? చివరిసారి మీరు ఏం పట్టుకెళ్లారు ప్రాక్టీస్‌కి?

జీతానికి వాయించడం అంత అవమానమేమీ కాదు కూడా. పింక్ ఫ్లాయిడ్ కీబోర్డ్ అతను రిక్ రైట్‌ని ది వాల్ రికార్డింగ్ అప్పుడు బ్యాండ్ నుంచి తీసేసి, తర్వాత ఆ ఆల్బమ్ షోలకి జీతం మీద పెట్టుకున్నారు. ఆ షోల ఖర్చు తడిసి మోపెడై నష్టం వచ్చింది, బ్యాండ్ సొంతదార్లు ముగ్గురూ నష్టపోయారు, చేతికి డబ్బు అందింది జీతగాడు రైట్ ఒక్కడికే.

గ్రీన్ రూమ్ బయట:

నేను వాయించను. మా ఆయన బేస్ వాయిస్తారు, ఆయన బ్యాండ్ వయసు మా పెళ్లి కంటే పెద్దది. మీరంతా క్రెడిట్, కోర్టు అంటున్నారు గానీ ఇంట్లోవాళ్లకి కనబడేది వేరే.

టూర్‌లో ఉన్నప్పుడు వాళ్లకి తిండి, నిద్ర, ఏ టైముకి ఎక్కడుండాలి అన్నీ వేరేవాళ్లు చూస్తారు. ఇంటికొచ్చాక మొదటి వారం మనిషి గుమ్మంలో నిలబడి తర్వాత ఏం చెయ్యాలో ఎవరైనా కాగితం ఇస్తారేమో అన్నట్టు చూస్తుంటారు. ఈలోగా మేం ఆయన లేకుండా ఇల్లు నడపడం నేర్చేసుకుని ఉంటాం. ఆయన ఏదో సాయం చెయ్యబోతే పిల్లలు "అది అక్కడ పెట్టం నాన్నా" అంటారు, ఆయన మొహం చూడాలి అప్పుడు. బ్యాండ్‌లో ఎవరితోనైనా మాటలు లేవంటే ఆ మౌనం కూడా మా ఇంట్లోనే ఉంటుంది. చెవుల సంగతి వేరే చెప్పాలా? ఏసీ/డీసీ గాయకుడు బ్రయన్ జాన్సన్‌ని వినికిడి పూర్తిగా పోతుందని డాక్టర్లు హెచ్చరించడంతో 2016లో టూర్ మధ్యలో ఆగిపోవాల్సి వచ్చింది. మావారు ఇప్పుడు ప్లగ్‌లు పెట్టుకుంటున్నారు, అదీ నేను పోరితే.

బయటి ప్రాజెక్ట్ గురించి చెప్పాలంటే భయమన్నారు. మెటాలికాలో జేసన్ న్యూస్టెడ్‌ది అచ్చం ఇదే కథ. 1986లో బస్సు ప్రమాదంలో క్లిఫ్ బర్టన్ పోయాక వచ్చిన బేసిస్ట్ ఆయన, 88 ఆల్బమ్‌లో ఆయన బేస్ వినబడకుండా తగ్గించేశారు, అది కూడా భరించాడు. సొంతంగా ఇంకో బ్యాండ్‌తో రికార్డు తెస్తానంటే మాత్రం గాయకుడు హెట్‌ఫీల్డ్ కుదరదన్నాడు, 2001 జనవరిలో ఈయన వెళ్లిపోయాడు. అదే ఏడాది ఆ హెట్‌ఫీల్డే తాగుడు మానడానికి రీహాబ్‌కి వెళ్లాడు, వచ్చాక రోజూ మధ్యాహ్నం 12 నుంచి 4 దాకానే పని, తర్వాత ఇంటికే అన్నాడు. మిగతావాళ్లకి ఒళ్లు మండింది. నాకైతే ఆ టైమింగ్స్ భలే నచ్చాయి.

వెళ్లనిచ్చినవాళ్లూ ఉన్నారు. ఆర్‌ఈఎం డ్రమ్మర్ బిల్ బెరీకి 1995లో స్టేజీ మీదే మెదడులో రక్తనాళం చిట్లింది. కోలుకుని మళ్లీ వాయించాడు గానీ 97లో ఇక చాలన్నాడు, నా వల్ల బ్యాండ్ ఆగిపోయేట్టయితే ఉండిపోతాను అని కూడా చెప్పాడట. వాళ్లు పంపించారు, 2011 దాకా ముగ్గురే నడిపారు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌లో క్రిస్టీన్ మెక్‌వీ విమానం అంటే భయంతో 1998లో మానేస్తే 2014లో తిరిగొచ్చినప్పుడు ఆవిడ చోటు ఆవిడకి ఉంది. మీవాళ్లు ఏ రకమో అడిగితేనే కదండీ తెలిసేది.

నాలుగోలెక్క:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, థ్యాంక్స్ అందరికీ.

సైడ్ బి గారూ, పేర్లు గిటారిస్ట్‌వీ గాయకుడివీ, ఇద్దరివే. మొదట్లో పైసా వచ్చేది కాదు కాబట్టి ఎవరూ అడగలేదు. ఈ మధ్య ఒక పాటని ప్రకటనకి తీసుకున్నారు. డబ్బు వచ్చిందని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకీ తెలుసు, ఎవరం ఎత్తట్లేదు. ఆ పాట మొదలయ్యేదే నా డ్రమ్స్‌తో, ప్రకటనలో వాడిందీ ఆ ముక్కే.

మోనో అన్నా, డ్రమ్మర్ ఏం పట్టుకెళ్తాడు, డ్రమ్సే కదా. కొన్ని గ్రూవ్‌లు (డ్రమ్స్ నడకలు) రికార్డు చేసి గ్రూప్‌లో పెట్టాను, వీటి మీద ఏమైనా కడదామా అని. బొటనవేలు పైకెత్తిన ఎమోజీ ఒకటి వచ్చింది. అంతే, ఇంకో మాట లేదు.

గ్రీన్ రూమ్ అక్కా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ పిల్లలు అన్న మాట దగ్గర గట్టిగా నవ్వింది, నాకు అనుమానంగా ఉంది.

ఫేడర్:

రికార్డింగ్ ఇంజినీర్ని, అటు గిటారిస్ట్‌ల ఏడుపూ ఇటు డ్రమ్మర్ల ఏడుపూ రెండూ వింటాను.

మీ సమస్య సగం మనుషులది, సగం ఫైల్‌ది. డెమోని నాలుగుసార్లు విన్నారంటే చెవి దానికే అలవాటు పడిపోతుంది, తర్వాత మీరు ఎంత బాగా వాయించినా అందరికీ "ఏదో తేడాగా ఉంది" అనిపిస్తుంది, మీకు కూడా. కాబట్టి డ్రమ్స్ ఉన్న డెమో అసలు వినకండి. గిటార్, గొంతు, క్లిక్ (లయ తప్పకుండా వినిపించే టక్‌టక్ శబ్దం) మాత్రమే ఉన్న ఫైల్ పంపమని అడగండి, వాడికి అది ఒక్క బటన్ పని. మీదైనది ముందు వాయించి రికార్డు చేసుకోండి, ఆ తర్వాత కావాలంటే వాడిది వినండి. ఒక్కోసారి వాడిదే బాగుంటుంది, అప్పుడు ఒప్పేసుకోండి. మొదటిసారి అందరూ కలిసి వాయిస్తున్నప్పుడు క్లిక్ కూడా తీసేసి, టేక్ మొత్తం రికార్డు చెయ్యండి. మెషిన్ డ్రమ్స్ గాయకుడు ఊపిరి పీల్చుకునే చోట ఆగవు, మనిషి ఆగుతాడు, ఆ తేడా వాడికి వినబడాలి.

యూటూ వాళ్లు 1990 చివర్లో బెర్లిన్‌లో హన్సా స్టూడియోకి వెళ్లినప్పుడు ఇదే జరిగింది. గాయకుడు బోనో, గిటారిస్ట్ ఎడ్జ్ ఇద్దరూ ఒక పక్క చేరి కొత్త రకం శబ్దాలు, మెషిన్ రిథమ్‌లు అంటున్నారు. డ్రమ్మర్ ల్యారీ, బేస్ ఆడమ్ ఇద్దరికీ ఇక మనమెందుకు అనిపించింది. డబ్బు సమానంగా పంచుకునే బ్యాండే, సైడ్ బి గారు గమనించాలి, అయినా విడిపోయే దాకా వచ్చింది. చివరికి నలుగురూ ఒకే గదిలో వాయిస్తుండగా ఒక పాటలోని తీగల వరస ఇంకో పాటై కూర్చుంది, అదే "వన్". అక్కణ్ణుంచి పని కదిలింది. మెషిన్ రిథమ్‌లు ఆ ఆల్బమ్‌లో ఉండనే ఉన్నాయి, వాటితో పాటు ల్యారీ కూడా ఉన్నాడు.

పాత పాటల విసుగుకి నా దగ్గర మందు లేదు. రేడియోహెడ్ వాళ్లు వాళ్ల మొదటి హిట్‌ని ఏళ్ల తరబడి పక్కన పెట్టేశారు, వాళ్లకి చెల్లింది. మీరు కనీసం వరస మార్చండి, కొత్త పాటని షో మధ్యలో కాకుండా రెండోదిగా పెట్టండి, అప్పటికింకా ఎవరూ ఫోన్ తియ్యరు.

స్టాంప్ పేపర్:

ప్రకటన డబ్బు గురించి ఒక్కమాట. ప్రకటనలో మీ రికార్డింగే వాడారంటున్నారు కదా, అయితే అక్కడ రెండు లైసెన్సులు ఉండాలి, పాటకి ఒకటి, రికార్డింగ్‌కి ఒకటి. మొదటిది వాళ్లిద్దరిదే అనుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే రెండోదాంట్లో మీరంతా ఉండాలి. "నాకెంత" అని మొదలెట్టకండి, "ఒప్పందం కాగితం ఒకసారి చూద్దాం" అనండి. అడిగే హక్కు మీకుంది, అందులో మొహమాటం ఏమీ లేదు.

నాలుగోలెక్క:

ఇది నాకు తెలీదు. ఒక్క కాగితమే ఉందనుకున్నాను. ఈ వారం అడుగుతా. డ్రమ్స్ తీసేసిన ఫైల్ మాత్రం ఇప్పుడే అడిగేశాను.

చివరగా ఇంకో డౌట్. రేపు నేను గానీ ఇంకొకరు గానీ తప్పుకుంటే బ్యాండ్ పేరు ఎవరిది అవుతుంది? ఆ పేరు పెట్టింది నేనే, నవ్వకండి.

స్టాంప్ పేపర్:

పెట్టినవాడిది అవ్వాలని లేదు. రోజర్ వాటర్స్ 1985లో పింక్ ఫ్లాయిడ్ వదిలేసి, తను లేకుండా ఆ పేరు వాడకూడదని మరుసటి ఏడాది కోర్టుకి వెళ్లాడు. ఎక్కువ పాటలు రాసింది తనేనన్న ధీమా. 1987 చివర్లో రాజీ అయ్యారు, పేరు మిగిలినవాళ్లకే ఉండిపోయింది, ది వాల్ మీద హక్కులు ఆయనకి వెళ్లాయి. అంతకంటే ఘోరం ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌ది. 1974లో వాళ్ల మేనేజరే పేరు నాదంటూ వేరేవాళ్లని పోగుచేసి ఆ పేరుతో అమెరికా టూర్‌కి పంపాడు, అసలువాళ్లు కోర్టులో తేల్చుకోవాల్సి వచ్చింది. మీ పేరు ఎక్కడైనా రిజిస్టర్ చేశారా? చేస్తే ఎవరి పేరు మీద చేశారో కనుక్కోండి, ఆ ప్రకటన కాగితంతో పాటే అదీ అడిగెయ్యండి. ఎవరైనా తప్పుకుంటే పేరు సంగతేంటో రెండు లైన్లు రాసి అందరూ సంతకాలు పెట్టుకోండి. మీలో మీకు మాటలున్నప్పుడే ఈ పని సులువు.